నిలువు అంగుళం, అడ్డం అంగుళం

మా ఊళ్ళో అంగుళం ఎంతుండాలో చెప్పేది మా ఆఫీసు. పరిమాణ పరిరక్షణ మండలి, జిల్లా శాఖ. బస్టాండు వెనక, మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ పక్కన, మేడ మీద ఉంటుంది. నా గదిలో గాజు పెట్టెలో మూడడుగుల ఇత్తడి బద్ద ఒకటుంది. జిల్లాలో ప్రతి టేపూ, ప్రతి స్కేలూ దాని ముందుకొచ్చి సరిచూపించుకుని ముద్ర వేయించుకోవాల్సిందే. దసరాకి ఆ బద్దకి పసుపు రాసి బొట్టు పెడతాం. బొట్టు మందానికి అంగుళం ఎక్కడ పెరుగుతుందోనని మర్నాడు స్పిరిట్ పెట్టి తుడిచేస్తాం. అంత నిష్ఠ మాది.

నేను ముద్రల విభాగం సూపరింటెండెంట్‌ని. పేరు గవర్రాజు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఎలాంటి చిక్కొచ్చినా దానికి తగిన నోటు రాయగలనని నాకు పేరుంది. ఈ కథలో జరిగినదానికంతటికీ ఆ పేరే కారణం. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనకండి.

జనవరిలో కమిషనర్ గారి దగ్గర్నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "విషయము: కార్యాలయములందు యువ దృక్పథము పెంపొందించుట. స్లిమ్ ఫిట్ డిజైనర్ జీన్స్ ధారణ. ఉత్తర్వులు జారీ చేయబడినవి." సిబ్బంది తొడుగుతున్న వదులు ప్యాంట్లను చూసి ప్రజలు నిరుత్సాహము నొందుచున్నట్లు ఒక అధ్యయనంలో తేలిందట. కావున పురుష సిబ్బంది యావన్మందీ ప్రతి శుక్రవారం కాలికి అంటుకునే జీన్స్ వేసుకు రావలెను. వాటిని ఆన్‌లైన్‌లో, ఎంపిక చేయబడిన ఒకే కంపెనీ వద్ద కొనవలెను. దర్జీ చేత కుట్టించుకున్నచో క్రమశిక్షణా చర్య. మహిళా సిబ్బంది విషయమై విడిగా కమిటీ వేయబడును.

చివరి పేరా అసలైనది. ఉద్యోగి నడుమును మండలి ముద్ర గల టేపుతో కొలిచి సర్వీసు రిజిస్టరులో రాయవలెను. జీన్స్ చీటీ మీది అంకె, రిజిస్టరులోని అంకె ఒకటే అయి ఉండవలెను. మార్చిలో తనిఖీ బృందము వచ్చును.

అదే టపాలో ఇంకో కాగితం కూడా వచ్చింది. కాంట్రాక్టు వాచ్‌మన్లను పర్మనెంటు చేస్తారట. వయసు నలభై అయిదు దాటకూడదు, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలకు తగ్గకూడదు. మా వాచ్‌మన్ తవిటినాయుడికి పద్నాలుగేళ్ళ సర్వీసు. ఏటా మార్చి ముప్పై ఒకటిన అతన్ని తీసేసి, ఏప్రిల్ రెండున మళ్ళీ పెట్టుకుంటాం. మధ్యలో ఆ ఒక్క రోజూ అతను మా ఆఫీసుకి ఏమీ కాడు. అయినా వచ్చి గేటు దగ్గర కూర్చుంటాడు. జూన్‌కి అతనికి నలభై అయిదు నిండుతాయి. ఇది దాటితే అతనికి ఇంకో అవకాశం లేదు. ఇక ఎత్తంటారా, మనిషి నిలువునా ఆరడుగులు. మా ఆఫీసులో ట్యూబులైటు మార్చాలన్నా, బీరువా మీద కట్టలు దించాలన్నా స్టూలు కొనే అవసరం ఇంతవరకు రాలేదు.

"ఎత్తుకేటి బాబూ, దానికేటి భయం నేదు," అన్నాడు తవిటినాయుడు ఆ కాగితం నాచేత చదివించుకుని. "సదువు అడిగితే బెదిరీవోన్ని. పొడుగు దేవుడిచ్చీసినాడు."

నేనూ అదే అనుకున్నాను.

సరే, ముందు జీన్స్ సంగతి. మా డిప్యూటీ కంట్రోలర్ ఉమాకాంతం గారు ఉత్తర్వు కనిపిస్తే కళ్ళకద్దుకునే రకం. మొదటి నడుం తనదే కొలవమన్నారు. కొత్త టేపు తెచ్చి చుట్టాను. ముప్పై ఎనిమిది.

"టేపు సరిగ్గా చూశారా గవర్రాజు గారూ?"

"చూశానండి. ముద్ర కూడా ఉందండి."

"ఎవరేశారా ముద్ర?"

"నేనేనండి."

ఆయన రిజిస్టరులో సంతకం పెట్టారు.

ఆర్డరు పెట్టే పని జూనియర్ అసిస్టెంట్ హైమకి అప్పజెప్పాం. ఆ అమ్మాయి ఫోన్లో కంపెనీవాళ్ళ సైజుల పట్టిక తీసి చదివింది. "సార్, మీకు బాగా సరిపోయే ప్యాంటొకటి నేల మీద పరిచి కొలుచుకోమంటున్నారు." ఉమాకాంతం గారికి బాగా సరిపోయే ప్యాంటు అబ్బాస్ టైలరు పదేళ్ళ కిందట కుట్టింది. ఆయన పెరిగినప్పుడల్లా విప్పుకోవడానికి లోపల మూడంగుళాల మడత పెట్టి కుట్టాడు. దాన్ని గది మధ్యలో పరిచి నలుగురం చుట్టూ చేరాం. విప్పేసిన మడతలెన్ని, మిగిలినవెన్ని అన్న దగ్గర అభిప్రాయ భేదాలొచ్చాయి. చివరికి టేపు మాటే ఖాయం చేసి ముప్పై ఎనిమిది తెప్పించాం.

పార్సిలు వచ్చింది. ఉమాకాంతం గారు బీరువా చాటుకెళ్ళి వేసుకుని, రెండు చేతులా నడుం దగ్గర పట్టుకుని బయటికొచ్చారు. వదిలితే జారిపోతోంది. కొలిచి చూస్తే చీటీ మీద ముప్పై ఎనిమిది, గుడ్డ నలభై రెండు. మార్పిడికి కంపెనీ ఇచ్చిన గడువు ఏడు రోజులు. మార్పిడికి అనుమతి కోరుతూ నేను పెట్టిన ఫైలు ఇప్పటికీ పై ఆఫీసులోనే ఉంది. హైమ ఎవరికీ చెప్పకుండా ఫోన్లో రెండు నొక్కులు నొక్కి మార్పించేసింది. ఈసారి ముప్పై ఆరు వచ్చింది. అదీ వదులే. మూడోసారి ముప్పై నాలుగు వచ్చింది. అది పట్టింది.

పట్టిందంటే మామూలుగా కాదు. తొడలూ పిక్కలూ బిగుసుకుపోయి ఆయన కొయ్యలా నిలబడ్డారు. కానీ మొహం చూడాలి! "ముప్పై నాలుగు," అన్నారు. మళ్ళీ చీటీ తిప్పి చూసుకుని, "ముప్పై నాలుగయ్యా! ఇది నా పెళ్ళినాటి నడుం!" అన్నారు.

ఆ తర్వాత మా అందరికీ వచ్చాయి. అందరం నాలుగేసి అంగుళాలు సన్నబడ్డాం. మొదటి శుక్రవారం ఆఫీసులో ఎవ్వరూ కూర్చోలేదు. కూర్చోవాలంటే మోకాలు వంగాలి కదా. అందరం కిటికీల దగ్గరా, గోడల పక్కనా నిటారుగా నిలబడి పని చేశాం. ఏదో పని మీద వచ్చిన పెద్దాయన ఒకాయన మమ్మల్నందర్నీ చూసి, ఎవరైనా పోయారా అని తవిటినాయుణ్ణి మెల్లిగా అడిగి వెళ్ళిపోయాడు.

అసలు చిక్కు సాయంత్రం బయటపడింది. రిజిస్టరులో ముప్పై ఎనిమిది, చీటీ మీద ముప్పై నాలుగు. ఏ ఒక్కరి లెక్కా కలవలేదు. మార్చిలో తనిఖీ.

"సార్, ఆ కంపెనీ వాళ్ళకి అదో అలవాటండి," అంది హైమ. "కొనేవాళ్ళు సంతోషపడతారని చిన్న నంబరేస్తారు. గుడ్డ మామూలే. ఆ సంగతి రాసి పైకి పంపేస్తే సరిపోతుంది కదండీ."

ఉమాకాంతం గారు ఆ అమ్మాయి వైపు జాలిగా చూశారు. "అంటే, కమిషనర్ గారు ఎంపిక చేసిన కంపెనీ తప్పు నంబరు వేస్తోందని మన ఆఫీసు లెటర్‌హెడ్ మీద రాయమంటావు?"

ఆయన నావైపు తిరిగారు. "గవర్రాజు గారూ, నోటు పెట్టండి."

పెట్టాను. నా సర్వీసులో అంత పొందికైన నోటు ఇంకోటి రాయలేదు. "సమస్యకు పరిష్కార మార్గములు మూడు గలవు. ఒకటి, నడుము మార్చుట. ఇది వైద్య సంబంధమైనది, మన పరిధిలోనిది కాదు. రెండు, చీటీ మార్చుట. ఇది ఫోర్జరీ అగును. మూడు, అంగుళము మార్చుట. ఇది పూర్తిగా మన పరిధిలోనిది. స్థానిక అవసరముల నిమిత్తము కొలతను తాత్కాలికముగా సవరించు అధికారము పదకొండవ నిబంధన మేరకు జిల్లా అధికారికి కలదు." కింద ఉమాకాంతం గారు పచ్చ సిరాతో "భేష్. అమలు చేయండి" అని రాశారు. భేష్ అన్న మాట ఫైల్లో రాసిన అధికారి నాకు మళ్ళీ దొరకడు. ఆ రోజు నేను కొంచెం గర్వపడ్డాను. పడలేదని బుకాయించను.

పాత ముప్పై ఎనిమిది అంగుళాలు కొత్త ముప్పై నాలుగు అయ్యేలా లెక్క కట్టాం. ఇత్తడి బద్ద వెనకవైపు కొత్త గీతలు గీయడానికి గిన్నెల కొట్లో పేర్లు చెక్కే మనిషిని పిలిపించాం. అతను మెషీను పెట్టుకుని, అలవాటు చొప్పున, "ఎవరి పేరు చెక్కమంటారు?" అని అడిగాడు. ఉమాకాంతం గారు ఒక్క క్షణం ఆలోచనలో పడ్డారు. నేనే అడ్డంపడి, పేరు వద్దు, గీతలు చాలన్నాను.

వారం తిరిగేసరికి ఊళ్ళో పాత టేపులన్నీ జప్తు చేసి, మధ్యలో చిల్లులు పొడిచి రద్దు చేశాం. కొత్తవాటికి ముద్రలు వేసి, వాటితో మా నడుములు మళ్ళీ కొలిచి రిజిస్టరు దిద్దాం. అబ్బాస్ టైలరు మాత్రం ఏమీ గొడవ చేయలేదు. "కొలిచేదీ ఈ టేపుతోనే, కత్తిరించేదీ ఈ టేపుతోనే సార్. మనిషికి పట్టాలి గానీ నంబరుతో నాకేం పని?" అన్నాడు. ఆ మాటలో లోతు నాకు అప్పుడు తట్టలేదు. జనం మటుకు తెగ సంతోషించారు. ఊరు ఊరంతా రాత్రికి రాత్రి చిక్కిపోయింది. మా ఆవిడొక్కతే, "నంబరు తగ్గింది సరే, మరి మంచం అంత కిర్రుమంటోందేం?" అని అడిగింది. సాంకేతిక విషయాలు ఇంట్లో చర్చించడం నాకిష్టం ఉండదు.

నెల కూడా గడవలేదు. ఉమాకాంతం గారి గుర్తింపు కార్డు కొత్తది వేయించాల్సొచ్చింది. కొత్త టేపు పెట్టి ఎత్తు కొలిచారు. అయిదడుగుల అయిదుండే మనిషి నాలుగడుగుల పది దగ్గర ఆగిపోయారు. అంగుళం పొడుగైతే నడుమే కాదు, నిలువు కూడా తగ్గుతుందన్న సంగతి అంత పొందికైన నా నోటులో ఎక్కడా లేదు.

"నాలుగడుగుల పదా!" అని ఆయన అరిచిన అరుపు కింద గేటు దాకా వినిపించిందట. "జిల్లా అధికారిని! నాలుగడుగుల పది ఉంటానా నేను?"

"పోనీ పాత అంగుళానికే వెళ్ళిపోదామా సార్?" అంది హైమ.

"అప్పుడు నా నడుం?"

ఈసారి పరిష్కారం ఆయనే కనిపెట్టారు. రెండు రోజులు తలుపేసుకుని స్వయంగా ఉత్తర్వు రాశారు. "ఇకపై ఈ జిల్లాలో అంగుళములు రెండు విధములుగా నుండును. అడ్డముగా కొలువబడు వాటికి సవరించిన అంగుళము, నిలువుగా కొలువబడు వాటికి పూర్వపు అంగుళము వర్తించును. ఒకదాని స్థానమున వేరొకటి వాడుట శిక్షార్హము." ఇత్తడి బద్దని అందుకు వీలుగా కొత్త గీతలవైపు పడుకోబెట్టి, పాత గీతలవైపు నిలబెట్టి వాడాలని నియమం పెట్టారు. ఇంత సూక్ష్మంగా ఆలోచించే అధికారి కింద పనిచేస్తున్నందుకు నేను లోలోపల పొంగిపోయాను. కాకపోతే పాత టేపులన్నిటికీ మేమే చిల్లులు పొడిచేశాం కదా. నిలువు టేపుల కోసం పైకి ఇండెంటు పంపాం. ఈ త్రైమాసికంలోనూ, వచ్చే త్రైమాసికంలోనూ బడ్జెటు లేదు, జూలైలో పరిశీలిస్తాం అని జవాబొచ్చింది.

ఇలా ఉండగా తవిటినాయుడి దేహ పరీక్ష వచ్చి పడింది. పరీక్ష తేదీ శుక్రవారం.

అతను ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని పొద్దున్నే వచ్చాడు. కమిటీ అంటే ఉమాకాంతం గారు, నేను, వివరాలు రాసుకోవడానికి హైమ. కమిటీలో మగవాళ్ళిద్దరం జీన్స్‌లో ఉన్నాం. తవిటినాయుడు గోడకి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. నేను టేపు తీశాను.

"ఆగండి," అన్నారు ఉమాకాంతం గారు. "అది ఏ టేపు?"

"అడ్డం టేపండి. మన దగ్గర ఇదొక్కటే ఉందండి. ఇత్తడి బద్దతో టేపుల్నే గానీ మనుషుల్ని కొలవకూడదు కదండీ."

"మనిషి ఎలా ఉన్నాడు?"

"నిలువుగా ఉన్నాడండి."

"నిలువు మనిషిని అడ్డం టేపుతో కొలవడం శిక్షార్హం. ఉత్తర్వు మీద సంతకం నాదే. నేనే మీరితే ఎలా?"

"జూలై దాకా వాయిదా వేస్తే?" అన్నాను.

"జూన్‌తో ఆయనకి వయసు దాటిపోతుంది సార్!" అంది హైమ.

ఉమాకాంతం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయన దుర్మార్గుడు కాదు. తవిటినాయుడికి మేలు చేయాలనే ఆయన ఉద్దేశం, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. కళ్ళు తెరిచి, "అభ్యర్థిని పడుకోబెట్టండి. అడ్డం మనిషికి అడ్డం టేపు. ఉత్తర్వు మీరినట్టూ ఉండదు, పనీ ఆగదు," అన్నారు.

నేల మీద పడుకోబెడితే మేం వంగి కొలవాలి. జీన్స్‌లో అది అయ్యే పని కాదు. అందుకని మీటింగు బల్ల మీదికి ఎక్కమన్నాం. తవిటినాయుడు చెప్పులు విప్పి, ఇస్త్రీ నలగకుండా చొక్కా సర్దుకుని, బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. పాదాలు బల్ల దాటి బయటికి వేలాడుతున్నాయి. నేను మడమ దగ్గర పట్టుకుంటే, ఉమాకాంతం గారు తల దగ్గర చదివారు.

"అయిదడుగుల నాలుగు... నాలుగున్నర. వెంట్రుకవాసి తక్కువే గానీ, పాపం, నాలుగున్నర రాయమ్మా."

హైమ పెన్ను కదలలేదు. "సార్, ఆయన మన గుమ్మం దాటేటప్పుడు తల వంచుకుని వస్తాడు."

"అది వినయం. వినయాన్ని ఎత్తులో కలపరు."

తవిటినాయుడు బల్ల మీదే లేచి కూర్చున్నాడు. ఏమైందో అతనికి పూర్తిగా అర్థం కాలేదు, కానీ మా మొహాలు అర్థమయ్యాయి. "బాబూ, ఓపాలి నిలబడతాను, సూడండి. నిలబడితే నాను పొడుగ్గానే ఉంతాను."

"నిలబడితే కొలవడానికి టేపు లేదయ్యా."

"టేపెందుకు బాబూ, కళ్ళతో సూడండి! పద్నాలుగేళ్ళు సూసినారు కదేటి!"

"కంటి చూపుకి ముద్ర ఉండదు," అన్నారు ఉమాకాంతం గారు. ఆ మాట చెప్పడానికి ఆయన బల్ల మీంచి చూపు తిప్పుకోవాల్సొచ్చింది. అయినా చెప్పారు.

హైమ పెన్ను బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది. వివరాలు నేనే నింపాను.

మార్చిలో తనిఖీ బృందం వచ్చింది. చీటీలూ రిజిస్టరూ సరిచూసి, లెక్కలు అంగుళం తేడా లేకుండా కలిసిన ఏకైక జిల్లా మాదేనని మెచ్చుకుంది. ఉమాకాంతం గారికి ప్రశంసాపత్రం వచ్చింది. మొత్తం రాష్ట్రంలో ఈ ఏడాది పర్మనెంటు కాని ఆరడుగుల వాచ్‌మన్ కూడా మావాడొక్కడే. ఆ సంగతి ప్రశంసాపత్రంలో లేదు.

తిరస్కరణ ఉత్తర్వు నన్నే రాయమన్నారు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. ఇరవై ఆరేళ్ళలో చెయ్యి ఆడకపోవడం అదే మొదలు. సిగ్గేసింది. అంగుళం మార్చమని రాసిన చేత్తోనే ఇది కూడా రాయాలి. పాత పద్ధతికి వెళ్ళాలని, మా నోటు తప్పని, అభ్యర్థిని నిలబెట్టి మళ్ళీ కొలవాలని ఒక కాగితం మీద రాశాను. రాసి, ఉమాకాంతం గారి గది దాకా తీసుకెళ్ళాను. తలుపు సందులోంచి చూస్తే ఆయన అద్దం ముందు నిలబడి, వెనక్కి తిరిగి, చీటీ మీద ముప్పై నాలుగు చూసుకుంటున్నారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కొచ్చేశాను. తలుపు కొట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. కొట్టలేదు.

చివరికి ఇలా రాశాను. "అభ్యర్థి నిర్ణీత ఎత్తునకు ఒకటిన్నర అంగుళము తక్కువగా నున్నందున అనర్హుడు. సదరు ఒకటిన్నర అంగుళము పెరిగిన పిమ్మట, వయఃపరిమితికి లోబడి, తిరిగి దరఖాస్తు చేసుకొనవచ్చును."

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఆ కాగితం పట్టుకుని మెట్లు దిగాను. తవిటినాయుడు గేటు దగ్గర గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి ఏప్రిల్ రెండున మళ్ళీ పెట్టుకోవడానికి వీల్లేదని, అనర్హుణ్ణి ఎలా పెట్టుకుంటామని, పొద్దున్నే ఉమాకాంతం గారు తేల్చేశారు. నన్ను చూడగానే మర్యాదకి లేచి నిలబడ్డాడు. అతనింకా లేస్తూనే ఉన్నాడేమో అనిపించింది నాకు, అంత సేపు పట్టింది.

"సాలలేదని రాసీసినారా బాబూ?" అన్నాడు.

నేను అయిదడుగుల మూడంగుళాల మనిషిని, ఏ బద్దతో కొలిచినా అతని గడ్డం దాటను. మొహంలోకి చూసి మాట్లాడాలంటే తల ఎత్తాలి. నాకు మెడ లేవలేదు.

"అవును నాయుడూ," అని అతని చొక్కా రెండో గుండీతో చెప్పాను.